రెండు సగాల మేడ

పిల్లలూ! బోరబండ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి లింగంపల్లి వైపు పోతే, తరువాతి స్టేషను హైటెక్ సిటీ. నడుమ దూరం కొద్ది నిమిషాలే. కాని ఎండాకాలం మధ్యాహ్నం బోరబండలో రేకుల కప్పు కింద ఫ్యాను తిప్పితే వేడిగాలే వస్తుంది. అక్కడ అద్దాల మేడల్లో కూర్చున్నవారికి చలి వేసినా వేస్తుంది!

మరి ఆ మేడల్లోని వేడి ఏమయింది? మాయమయిందా? లేదు. ఏ.సి. యంత్రం గదిలోని వేడిని తోడి వీధిలో పోస్తుంది, అంతే. ఆ యంత్రం నడవటానికి విద్యుత్తు కావాలి. మన తెలంగాణలో విద్యుత్తులో పెద్దభాగం బొగ్గును కాల్చగా వచ్చేదే. బొగ్గు కాలితే బొగ్గుపులుసు వాయువు పుట్టి, భూమి వేడిని దుప్పటిలాగా పట్టి ఉంచుతుంది. చూశారా, చల్లదనం కోసం చేసే పనివల్లనే వేడి పెరుగుతున్నది!

"మేము జాగ్రత్త పడుతున్నాం, విద్యుత్తు తగ్గిస్తున్నాం" అని ఇప్పుడు ఎన్నో కంపెనీలు అంటున్నాయి. ఆ మాట నిజమో కాదో తేల్చటం ఎలాగ? మన హైదరాబాదులోనే జరిగిన ఒక పరీక్ష చెబుతాను, వినండి.

నగరానికి తూర్పున పోచారంలో ఇన్ఫోసిస్ కంపెనీవారు కట్టిన ఒక పెద్ద మేడ 2011లో వాడకంలోకి వచ్చింది. దానిలో రెండు సగాలూ ఒకే తీరుగా ఉంటాయి. ఒక సగానికి మంచిరకం మామూలు ఏ.సి. పెట్టారు. రెండవ సగంలో కాంక్రీటు కప్పులోనే గొట్టాలు పరచి, చల్లని నీరు పారించారు. గదిలోని వేడిని కప్పు పీల్చుకుంటే, నీరు దాన్ని మోసుకుపోతుంది. వేడిని మోయటంలో గాలి నీటికి సాటిరాదు. లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించటానికి పట్టే వేడికి 3,000 రెట్లకు పైగా, లీటరు నీటికి పడుతుంది! అందుచేత పెద్ద ఫ్యానులతో అంత గాలిని తోయవలసిన పని తప్పింది.

రెండు సగాల వాడకాన్నీ వేరువేరుగా కొలిచారు. ఎండ ఒకటే, మేడ ఒకటే. నీటి సగంలో చల్లబరచటానికి అయిన విద్యుత్తు సుమారు మూడింట ఒక వంతు తగ్గింది! కట్టేందుకు అయిన ఖర్చు మాత్రం దాదాపు సమానమే. ఈ లెక్కలను 2014లో ఇంజనీర్ల పత్రికలో అచ్చు వేయించారు.

కంపెనీకి కరెంటు బిల్లు కూడా తగ్గింది గదా అంటారేమో. తగ్గితే మంచిదే. అయితే ఒక మేడలో మూడోవంతు తగ్గి, పక్కన నాలుగు కొత్త మేడలు లేస్తే మొత్తం ఏమవుతుంది? తీసివేతతోపాటు కూడిక కూడా చేసి చూడాలి.

మరి బోరబండ ఇళ్ల సంగతి? 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం వ్యాపార భవనాల కప్పులు ఎండను తిప్పికొట్టేవిగా ఉండి తీరాలి. చిన్న ఇళ్లవారు ఇష్టమైతే చేసుకోవచ్చు. కాని ఆ చల్లదనం అందరికంటె ఎక్కువ కావలసింది చిన్న ఇళ్లవారికే గదా!

అది ఎలా పనిచేస్తుందో మీరే చూడండి. ఒకే కొలత గల రెండు రేకు డబ్బాలు తీసుకోండి. ఒకదానికి సున్నం, రెండవదానికి మసి పూయండి. రెండింటా సమానంగా నీళ్లు పోసి, మూతలు పెట్టి, గంటసేపు ఎండలో ఉంచండి. తరువాత నీళ్లలో వేలు ముంచితే తేడా తెలుస్తుంది.

ఇకమీదట ఏ కంపెనీ అయినా "మేము తగ్గించాం" అంటే, "దేనితో పోల్చి చూచారు? రెండవ డబ్బా ఏది?" అని అడగండి.