తెరపై గృహము

ఇల్లు మనుష్యుని ఎండవానలనుండి కాపాడును. దాని పని అంతటితో ముగియదు. ఇంటికి వచ్చినవారిలో వీధి యరుగు కడ ఆగవలసినవా రెవరో, చావడిలో కూర్చుండదగినవా రెవరో, వంటయింటి దాక రాదగినవా రెవరో గోడలును గడపలును మాట లేకయే తెలుపుచుండును. ఈ మూగభాషను బాగుగా నెఱిగిన కళలలో చలనచిత్రకళ యొకటి. నాటకమున ప్రేక్షకుడు ఒకచోటనే కూర్చుండి రంగమును చూచును. చలనచిత్రమున కెమెరా గడప దాటును, మేడ యెక్కును, కిటికీ సందునుండి తొంగిచూచును. కావున మంచి దర్శకుని చేతిలో ఇల్లు కూడ ఒక పాత్రవలె పనిచేయును. ఇందుకు రెండు చిత్రములు నిదర్శనములు.

జపాను దర్శకుడు అకిరా కురొసావా 1963లో ఒక చిత్రమును వెలువరించెను. జపాను భాషలో దాని పేరునకు 'స్వర్గము, నరకము' అని అర్థము. కథ యొకొహామా నగరమున జరుగును. పాదరక్షల కంపెనీలో పెద్ద యధికారియైన గొండో కొండపై నొక విశాలభవనమున నివసించుచుండును. కొండ క్రింద ఇరుకు సందులు, పేదల ఇండ్లు. ఒక దుండగుడు గొండో కుమారుని అపహరింపబోయి, పొరపాటున అతని కారు నడపువాని కుమారుని ఎత్తుకొనిపోవును. అయినను ధనము గొండోయే చెల్లింపవలెనని పట్టుపట్టును. కంపెనీని తన వశము చేసికొనుటకై గొండో ఆస్తినంతటిని తాకట్టు పెట్టి ధనము కూర్చుకొనియుండెను. దానిని ఇచ్చినచో అతని బ్రతుకు కూలిపోవును. ఇవ్వనిచో పరుల బిడ్డ ప్రాణము పోవును.

చిత్రములో మొదటి భాగము ఇంచుమించుగా ఆ భవనములోని ఒక్క గదిలోనే నడచును. గదికి పెద్ద అద్దపు కిటికీలు కలవు. వానినుండి చూచినచో నగరమంతయు కాలిక్రింద పఱచినట్లు కనబడును. ఇంటిలోనివారిని దుండగుడు క్రిందినుండి చూచుచున్నాడని టెలిఫోను మాటలవలన తెలియగానే పోలీసువారు తెరలు లాగుదురు. ఊరిని చూచుటకై అమర్చిన కిటికీగుండ ఊరు కూడ ఇంటిని చూచుచున్నది! ఆ గదిలోనే కారు నడపువాడు తలవంచుకొని, యజమానికి దూరముగా నిలుచుండును. చర్చ జరుగుచున్నది అతని బిడ్డ ప్రాణమును గూర్చియే. అయినను గది నడుమ నిలుచుటకు అతనికి చోటు లేదు. తుదకు గొండో ధనమిచ్చి బిడ్డను విడిపించి, తన ఇంటిని కోల్పోవును.

తరువాత కథ కొండ దిగి సందులలో ప్రవేశించును. దుండగుడు వైద్యశాలలో పనిచేయు ఒక యువకుడు. అతని చిన్నగది శీతకాలమున గడ్డకట్టును, వేసవిలో ఉడికిపోవును. అక్కడనుండి తల యెత్తినపుడెల్ల కొండమీది మేడ కనబడుచుండును. ఆ చూపులోనే అసూయ పుట్టి, పెరిగి ద్వేషమయ్యెను. ఇది అతని నేరమునకు కారణమును తెలుపునే కాని, నేరమును ఒప్పుగా చేయదు. చివరి దృశ్యమున ఇరువురును చెఱసాలలో ఎదురెదురుగా కూర్చుందురు. నడుమ అద్దము. ఆ అద్దములో ఒకని ముఖముపై రెండవవాని ముఖము నీడవలె పడును. ఇరువురును ఒకే యెత్తున కూర్చుండి మాటలాడుట అదియే మొదలు, అదియే కడ.

కురొసావా చిత్రమున భేదము ఎత్తుపల్లములలో నున్నది. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'చారులత'లో అది లోపలికిని వెలుపలికిని నడుమ నున్నది. రవీంద్రనాథ ఠాకూరు కథ ఈ చిత్రమునకు ఆధారము. పందొమ్మిదవ శతాబ్దమున కలకత్తాలోని సంపన్నుల ఇండ్లలో స్త్రీలు మసలు లోపలి భాగము వేఱు, పురుషులు వ్యవహారములు నడపు వెలుపలి భాగము వేఱు. చారు భర్తయైన భూపతికి తన పత్రికయు, రాజకీయములునే లోకము.

చిత్రారంభమున చారు ఒంటరిగా, కిటికీ రెక్కల బద్దల సందులనుండి, చిన్న దుర్భిణితో వీధిలోనివారిని చూచుచుండును. వీధిలో మనిషి ముందుకు సాగినకొలది ఆమెయు ఒక కిటికీనుండి మఱియొక కిటికీకి పోవును. ఇంతలో భర్త పుస్తకము చదువుకొనుచు ఆమె ప్రక్కగనే నడచిపోవును, ఆమెను గమనింపడు. ఆమె ఆ దుర్భిణినే అతనివైపు త్రిప్పును. వీధి ఎంత దూరమో ఇంటిలోని భర్తయు అంత దూరమని ఒక్క మాట లేకయే ప్రేక్షకునికి తెలియును. చిత్రము చివర తలుపు కడ చారు చేయి చాచును, భర్తయు చేయి చాచును. చేతులు కలియకమునుపే బొమ్మ కదలక నిలిచిపోవును.

ఈ ఇంటి లోపలి భాగమును కళాదర్శకుడు బంశీ చంద్రగుప్త స్టూడియోలో నిర్మించెను. అట్టి పనికి ఎంత శ్రద్ధ వలయునో 1956 నాటి 'అపరాజితో' చిత్రము తెలుపును. అందు కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో కట్టినపుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన గుడ్డ పఱపించి, దీపముల వెలుగు దానికి తగిలి మెత్తగా క్రిందికి దిగునట్లు చేసెను. చుట్టును గదులుండి నడుమ ఆకాశము కనబడు ముంగిలిలో వెలుతురు అట్లే పడును.

చలనచిత్రమును చూచునపుడు పాత్రల మాటలతోపాటు వారు నిలిచిన చోటును కూడ గమనింపవలెను. ఎవరు పైన నున్నారు? ఎవరు క్రింద నున్నారు? ఏ తలుపు ఎవరికి తెరచియున్నది? ఈ ప్రశ్నలు అడుగ నేర్చినవాడు తెరమీది ఇంటితో ఆగడు. తన యింటి కిటికీ యొద్ద ఎవరు ఒంటరిగా నిలుచుందురో, తన గడప కావల ఎవరు ఆగిపోవుదురో అతడు చూడగలుగును.