మనం ఎక్కడి నుంచి వచ్చాం? – చదవదగిన కొన్ని పుస్తకాలు



కొత్త చోటికి వెళ్తే మనల్ని అడిగే ప్రశ్నలు మనకు తెలిసినవే. ఏ ఊరు? ఎవరి తాలూకు? చివరకు, ఏ కులం? పుట్టుక గురించి సైన్స్ చెప్పే జవాబు వేరు. ఇప్పుడు భూమ్మీద ఉన్న మనుషులందరిదీ ఒకే జాతి. అది సుమారు 3 లక్షల ఏళ్ళ క్రితం ఆఫ్రికాలో రూపుదిద్దుకుంది. ఏ ఇద్దరి డి.ఎన్.ఎ.ను పోల్చినా దాదాపు 99.9 శాతం ఒకటే. పుట్టుకతో ఎక్కువ తక్కువలు అనే మాటకు ప్రకృతిలో ఆధారం లేదు. ఇది ఎవరో చెబితే నమ్మడం కాదు, చదివి తెలుసుకోవాలి.

ఆ అవసరం ఇప్పుడు మరీ పెరిగింది. 2023లో వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్స్ పుస్తకంలో జీవపరిణామం భాగాన్ని తొలగించారు. ఆ పుస్తకాలు చదివి, తర్వాత జీవశాస్త్రం తీసుకోని పిల్లలకు డార్విన్ పాఠం అందకుండా పోతుంది.

ముందు తెలుగులో మొదలుపెట్టండి. ఆంధ్రజ్యోతి సంపాదకులుగా పనిచేసిన నండూరి రామమోహనరావు రాసిన 'నరావతారం' మానవ పరిణామాన్ని, 'విశ్వరూపం' విశ్వం కథను చెబుతాయి. మార్క్ ట్వేన్ నవలలను తెలుగు పిల్లలకు అందించిన చెయ్యి అది. భాష ఎక్కడా అడ్డు రాదు. తర్వాత, అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసిన 'విశ్వాంతరాళం' చదవండి.

ఇంగ్లీషు కాస్త పట్టుబడ్డాక కార్ల్ సాగన్ 'కాస్మోస్' (1980), నీల్ షూబిన్ 'యువర్ ఇన్నర్ ఫిష్' (2008) చదవవచ్చు. షూబిన్ బృందం 2004లో కెనడా ఉత్తర ప్రాంతంలో 37.5 కోట్ల ఏళ్ళ నాటి చేప శిలాజాన్ని కనుగొన్నది. దాని రెక్కలలో మన మణికట్టును పోలిన ఎముకలున్నాయి. హాకింగ్ రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' (1988) చిన్నదే అయినా తేలిక కాదు. డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' (1859) చివరకు ఉంచుకోండి.

చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, మనిషి నేటి కోతి నుంచి పుట్టాడని డార్విన్ చెప్పలేదు. మనకూ చింపాంజీలకూ ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు. దారులు విడిపోయి సుమారు 60, 70 లక్షల ఏళ్ళయింది. రెండు, పాత పుస్తకాలలోని అంకెలను సరిచూసుకోవాలి. ఒకప్పుడు విశ్వం వయస్సు 1000 కోట్ల నుంచి 2000 కోట్ల ఏళ్ళ మధ్య ఉంటుందనేవారు. ఉపగ్రహాల కొలతల తర్వాత అది సుమారు 1380 కోట్ల ఏళ్ళని తేలింది. అంకె మారినంత మాత్రాన సైన్స్ ఓడిపోయినట్టు కాదు. కొత్త ఆధారం దొరికితే పాత మాటను దిద్దుకోవడమే దాని బలం.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదివిన రోహిత్ వేముల కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత కావాలని కోరుకున్నాడు. 2016లో మనకు దూరమయ్యాడు. ఆ కోరిక మాత్రం మిగిలే ఉంది. మన హాస్టళ్ళ నుంచి అలాంటి రచయితలు రావాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈసారి హాస్టల్‌కు వచ్చేటప్పుడు స్వీట్లతో పాటు ఈ పుస్తకాలలో ఒక్కటైనా తెండి. తమ్ముళ్ళూ, వాటిని అద్దాల బీరువాలో దాచకండి. అట్టలు నలిగేదాకా చదవండి.