పిలకాయల పందెం బండి

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో యాభై సీసీ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది టీవీఎస్. పాలక్యాన్లు, పచ్చిగడ్డి మోపు, వెనక ఇంకో మనిషి, అన్నీ మోసుకుంటూ గతుకుల బాటల్లో సాగిపోయేది. హోసూరులో 1980లో తయారైన ఆ టీవీఎస్ 50లోనూ, ఇవాళ ఆరేళ్ల పిల్లలు మోటోక్రాస్ నేర్చుకునే చిన్న డర్ట్ బైకుల్లోనూ ఉన్నది ఒకే జాతి ఇంజన్: టూ స్ట్రోక్. పెట్రోలు బంకులో టూటీ ఆయిల్ కలిపించుకున్న వాళ్లకు దాని పొగ, దాని వాసన కొత్త కాదు. ఆ ఇంజన్‌నే మోపెడ్‌లో బరువు మోయడానికి పెట్టారు, డర్ట్ బైక్‌లో గాల్లోకి లేవడానికి పెట్టారు.

మోటోక్రాస్ అనే ఈ మట్టి బండ్ల పందెం మొదలైంది ఇంగ్లండులో, 1924లో, క్యాంబర్లీ దగ్గరి గుట్టల మీద. అప్పుడు దానికంటూ వేరే బండి లేదు. రోడ్డు మీద తిరిగే బండినే తీసుకెళ్లి బురదలో దించేవాళ్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు బరువు. పిస్టన్ నాలుగుసార్లు కదిలితే, అంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, మంట పుట్టేది ఒక్కసారి. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ మంటే. పైన వాల్వులు, క్యామ్‌షాఫ్ట్ ఉండవు కాబట్టి తేలిక కూడా. చిక్కల్లా ఒక్కటే: కాలిన పొగతో పాటు కాలని పెట్రోలు కూడా సైలెన్సర్ దారిన బయటకు పోతుంది.

ఆ దొంగదారికి కాపలా పెట్టినవాడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఎమ్‌జడ్ కంపెనీ రేసు బండ్లకు ఆయన పొట్ట ఉబ్బి చివర సన్నబడే పొగగొట్టం అమర్చాడు. పొగతో వెళ్లిన ఒత్తిడి అల ఆ సన్నటి మూతికి తగిలి వెనక్కి వస్తుంది. పారిపోతున్న పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఎమ్‌జడ్ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందేనికని వెళ్లి దేశం దాటేశాడు, ఆ విద్యను సుజుకీకి చేర్చాడు. మరుసటి ఏడు యాభై సీసీకి తొలిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెడితే, సుజుకీ మీద గెలిచింది అతనే. గూఢచారి సినిమాకు సరిపడే కథ!

అయితే ఆ అల తిరిగొచ్చే సమయం అన్ని వేగాల్లోనూ కుదరదు. అందుకే రేసు టూ స్ట్రోక్ నెమ్మదిగా తిరిగేటప్పుడు నీరసంగా ఉంటుంది, ఒక హద్దు దాటగానే చేతుల్లోంచి లాక్కుపోతుంది. సీసీ చూసి బండి కొనే తండ్రి బోల్తా పడేది ఇక్కడే. 97 సీసీ స్ప్లెండర్ ఇచ్చేది దాదాపు 8 హార్స్ పవర్. అంతకంటే చిన్న 85 సీసీ మోటోక్రాస్ బండి 20 హార్స్ పవర్ దాటిస్తుంది, అదీ స్ప్లెండర్ కంటే ఎంతో తక్కువ బరువుతో. "ఎనభై అయిదేగా" అనుకుంటే అంతే సంగతులు.

బండి కింది భాగం మారిన కథ ఇంకో తండ్రిది. బెల్జియంలో లూసియాన్ టిల్కెన్స్ అనే ఇంజనీరు కొడుకు మోటోక్రాస్ ఆడేవాడు. రెండు పక్కలా ఉండే వెనక షాక్ అబ్జార్బర్లు తీసేసి, సీటు కింద ఒకే పొడుగాటి షాక్ పెట్టాడు టిల్కెన్స్. యమహా దాన్ని కొనుక్కుంది. 1973లో హాకన్ ఆండర్సన్ ఆ బండితో 250 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. అప్పటిదాకా బెత్తెడు కదిలిన చక్రం ఇప్పుడు పెద్ద బండ్లలో దాదాపు 30 సెంటీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది.

కానీ ఆ షాక్‌లోని స్ప్రింగును కంపెనీ ఒక బరువును లెక్క వేసుకుని బిగిస్తుంది. మన బక్కపల్చటి పిలకాయ ఎక్కితే అది కదలదు, ప్రతి గతుకూ వెన్నుకే తగులుతుంది. పెద్ద బండి మీద రైడర్ కూర్చుంటే వెనక భాగం సుమారు 10 సెంటీమీటర్లు కుంగాలి, చిన్న బండ్లకు అంతకంటే తక్కువ. కుంగకపోతే మెత్తటి స్ప్రింగు వేయించాలి. బండి కొన్నరోజే చూసుకోవాల్సిన పని ఇది, ఎవరూ చూడరు.

పిల్లల బండ్లకు ఒక మెట్ల వరస ఉంది. అడుగు మెట్టు 1980ల మొదట్లో వచ్చిన యమహా పీడబ్ల్యూ50. గేర్లు లేవు, చెయిన్ బదులు షాఫ్ట్, సీటు అర మీటరు ఎత్తు కూడా ఉండదు. యాక్సిలరేటర్ ఎంతవరకు తిరగాలో తండ్రి ఒక స్క్రూతో బిగించేయొచ్చు. తర్వాత క్లచ్, ఆరు గేర్లున్న 65. ఆపైన 85, అందులో చిన్న చక్రాలది, పెద్ద చక్రాలది అని రెండు రకాలు. ఆ తర్వాతే 125. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించే అలవాటు మనది. చొక్కా వదులైతే నవ్వుతారు, బండి వదులైతే ఎముక విరుగుతుంది. కాళ్లు నేలకు ఆనుతున్నాయా, బ్రేకు లివర్ వేళ్లకు అందుతోందా, పడిపోయిన బండిని తనంతట తానే లేపుతున్నాడా? మూడోది కాదంటే ఆ బండి వద్దు.

మన మెట్ట నేలకు ఇంకో జాగ్రత్త కావాలి. వెలిగొండల కింది బాటల్లో ఎండాకాలం లేచే దుమ్ము సన్నగా పొడిలా ఉంటుంది. దాన్ని ఆపేది నూనె పట్టించిన స్పాంజి ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే. తిప్పిన ప్రతిసారీ కడగాలి. కడగని ఇంట్లో పిస్టన్, రింగులు తొందరగానే పోతాయి. పాత బండి కొనేవాళ్లు రంగు చూడకుండా ముందు ఆ ఫిల్టరు విప్పి చూడండి.

ఇక ధర. కేటీఎం 2024లో 50, 65, 85 ఎస్‌ఎక్స్ బండ్లను మన దేశంలో అమ్మకానికి పెట్టింది. యాభై సీసీదే 4 లక్షలు దాటింది. ఏడాదిన్నరకు పొట్టయిపోయే బండికి అంత పెట్టడం నా మట్టుకు తెలివైన పని కాదు. ముందు నేర్పే చోటికి పంపండి. డకార్ ర్యాలీని 2015లో పూర్తి చేసి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్, తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లాలోనే బిగ్ రాక్ పేరుతో శిక్షణ మైదానం పెట్టాడు. అలాంటి చోట నాలుగు రోజులు వాళ్ల బండి తిప్పితే పిల్లాడికి కావలసిందేమిటో, అసలు కావాలో వద్దో తేలిపోతుంది. తర్వాత కూడా సెకండ్ హ్యాండే మేలు.

హెల్మెట్, కంటద్దాలు, ఛాతీ కవచం, మోకాళ్ల కాపులు, బూట్లు కొన్నాక మిగిలిన డబ్బే బండి బడ్జెట్ అనుకోండి. ఈ బండ్లకు లైట్లుండవు, రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డెక్కే హక్కూ లేదు. ఉదయగిరి దుర్గం కింద దారి ఎంత ఖాళీగా కనిపించినా అది పందెం మైదానం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం, పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.