వరదను కొలిచి కట్టిన వంతెన

హైదరాబాద్ నగరం కంటే 13 ఏళ్లు పెద్దది పురానాపూల్. తోటి వంతెనలను మూసీ నది తెంచేసిన నాడూ అది నిలబడింది. ఏటిగట్టున బతికే ప్రతి ఊరూ తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

మదనపల్లె మీదుగా పారే బాహుదాను ఎండాకాలంలో చూస్తే నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. ఆ బాహుదా, పింఛా కలిస్తే చెయ్యేరు. 2021 నవంబర్ 19న ఆ చెయ్యేరే అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుని ఊళ్లమీద పడింది. ఏళ్ల తరబడి ఎండి, ఒక్క రాత్రిలో పొంగడం మన ఏర్ల స్వభావం. మూసీదీ అదే తీరు. ఆ తీరు ఎరిగినవాళ్లు కట్టిన వంతెన పురానాపూల్.

మల్కిభరాముడి కట్టడం

తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా 1578లో దీన్ని కట్టించాడు. హుస్సేన్ సాగర్, ఇబ్రహీంపట్నం చెరువు కూడా ఆయన ఏలుబడిలోవే. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా వచ్చే బాటను ఈ వంతెన మూసీ దాటించింది. ఆ అవతలి గట్టునే 1591లో హైదరాబాద్ వెలిసింది.

ప్రియురాలు భాగమతి కోసం ఆయన కొడుకు, యువరాజు మహమ్మద్ కులీ వరదలో నదిని ఈదాడనీ, కొడుకు ప్రాణం కోసమే తండ్రి వంతెన వేయించాడనీ జనం చెప్పుకుంటారు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజు వయసు 13 ఏళ్లు. కథ అందమైనదే. కానీ కోటకు, వ్యాపారులకు, బండ్లకు దారి కావాలన్న అవసరం అంతకంటే బలమైనది.

పారిస్‌లో పాంట్ నఫ్ వంతెనకు పునాది పడిందీ 1578లోనే. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే, అందంలో ఇది దానికి పెద్దగా తీసిపోదని రాశాడు.

మూసీ పరీక్ష

22 రాతి కమానులు, సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, నది అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు. వేసవిలో పారే సన్నపాయకు ఇంత వంతెన అక్కర్లేదు. కట్టినవాళ్లు లెక్కలోకి తీసుకున్నది వరదను.

1908 సెప్టెంబర్ 28న ఆ లెక్కకు పరీక్ష వచ్చింది. వేలమందిని బలిగొన్న ఆ వరదకు అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని దారులు తెగిపోయాయి. పురానాపూల్ గాయపడింది గానీ కూలలేదు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి.

జలాశయాలు వచ్చాక నదికి భయపడటం మానేశాం. గట్లు ఆక్రమించాం, మురుగు కలిపాం. 2020 అక్టోబర్‌లో మూసీ పొంగి మూసారాంబాగ్ లోతట్టు వంతెనను ముంచేసింది. నాలుగున్నర శతాబ్దాల కిందటివాళ్లకు తెలిసిన నది వెడల్పు మనం మరిచిపోయాం.

ఇవాళ పురానాపూల్ మీద కూరగాయల అంగళ్లు సాగుతున్నాయి. వాహనాలకు పక్కనే వేరే వంతెన ఉంది. జనం అవసరానికి ఉపయోగపడుతున్నందుకు సంతోషించాలి, చిరువ్యాపారుల పొట్ట కొట్టకుండానే రాతికట్టడాన్ని కాపాడాలి. కమానుల సందుల్లో మొలిచే మొక్కలు పీకించడం, చెత్త తీయించడం అసాధ్యమేమీ కాదు. అంతకంటే ముఖ్యం, ఆ 22 కమానుల కిందా నీటికి దారి వదలడం. నదికి చోటు విడిచిపెట్టారు కాబట్టే ఆ వంతెన నిలిచింది. కొత్త వంతెన గీసే ప్రతి ఇంజినీరూ, అనుమతిచ్చే ప్రతి అధికారీ ముందుగా అడగాల్సింది ఒకటే: పెద్ద వరద వస్తే ఈ నీళ్లు ఎక్కడిదాకా పారతాయి?