అట్ట చట్రంలో అమ్మ ముఖం: స్లైడు నుంచి ఫోటో తీయించడం ఎలా?

పాత ట్రంకు పెట్టె అడుగున, దస్తావేజుల కింద, అట్ట చట్రాల్లో బిగించిన చిన్న చిన్న రంగు ఫిల్ము ముక్కలు కొన్ని ఇళ్ళలో నేటికీ కనిపిస్తాయి. 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి వెళ్ళిన డాక్టర్లు, ఇంజనీర్లు సెలవుకు ఊరొచ్చి, ఇంటిల్లిపాదినీ అరుగు మీద నిలబెట్టి తీసిన బొమ్మలవి. వీటినే స్లైడ్లు అంటారు. తెల్ల పంచె కట్టి, ప్రొజెక్టరు పెట్టి చూపిస్తే ఊరంతా వచ్చి చూసేవారు. ఆ ప్రొజెక్టరు ఎప్పుడో మూలపడింది. బొమ్మలోని పెద్దలూ దాటిపోయారు. తల్లి నవ్వు ముఖం ఆ ఒక్క స్లైడులోనే మిగిలి ఉంటే, దాన్ని గోడకెక్కించడం ఎలా?

అసలు ఒక్కటే

మామూలు ఫోటోకు నెగటివ్ ఉంటుంది. ఫోటో చిరిగినా మరొకటి వేయించుకోవచ్చు. స్లైడుకు నెగటివ్ లేదు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి, కత్తిరించి చట్రంలో పెడతారు. అది పాడైతే బొమ్మ పోయినట్లే. కనుక ఏ పద్ధతి ఎంచుకున్నా స్లైడుకు దెబ్బ తగలరాదన్నది మొదటి మాట.

మూసుకున్న పాత దారులు

వెనుకటి రోజుల్లో రెండు దారులుండేవి. స్లైడును మరో ఫిల్ము మీదికి నెగటివ్‌గా ఎక్కించి, దాని నుంచి ఫోటో వేయడం ఒకటి. నకలుకు నకలు కావడంతో ఇందులో బొమ్మ కొంత మసకబారేది. నేరుగా సిబాక్రోమ్ కాగితం మీద వేయడం రెండోది. రంగులు నిగనిగలాడేవి, చాలాకాలం నిలిచేవి, ఖర్చు మాత్రం ఎక్కువ. తర్వాత ఇల్ఫోక్రోమ్‌గా పేరు మారిన ఆ కాగితం తయారీ 2012 నాటికి ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు మిగిలిన దారి స్లైడును స్కాన్ చేయించి, ఆ ఫైలు నుంచి ఫోటో వేయించడమే.

ఎంత సైజుకు ఎంత స్కాన్?

మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. స్లైడులో బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మిల్లీమీటర్లు మాత్రమే. అంగుళానికి 1200 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే పోస్టుకార్డంత ఫోటో బాగా వస్తుంది. 2400 అయితే సుమారు 7 అంగుళాలకు 11, 4000 అయితే 12కు 18 అంగుళాల వరకు పెంచవచ్చు. చిన్న స్కాన్ చేసి పెద్ద ఫోటో వేస్తే ముఖం అలికినట్లుంటుంది. కాగితాలు స్కాన్ చేసే మామూలు యంత్రం ఇందుకు పనికిరాదు. వెనుక నుంచి వెలుగు పంపే ఫిల్ము స్కానరు ఉందో లేదో ముందే అడగాలి.

స్లైడు వెలుగులో మెరుస్తుంది, కాగితానికి అంత మెరుపు రాదు. తెల్ల చీర సున్నం కొట్టినట్లు, నల్లని జుట్టు మసి ముద్దలా రాకుండా చూసుకోవడం ల్యాబు పనివాడి నేర్పు. అందుకే ముందుగా ఒక్క స్లైడు ఇచ్చి, చిన్న ఫోటో వేయించి చూసుకున్నాకే మిగతావి ఇవ్వడం మేలు.

ఏ కాగితం?

రంగుల ల్యాబులో రసాయనాలతో కడిగే ఫోటో కాగితం ఆల్బమ్‌కు సరిపోతుంది, ధరా అందుబాటులో ఉంటుంది. పటం కట్టి గోడకు తగిలించేదైతే పిగ్మెంటు సిరాతో వేయించడం మంచిది. మామూలు రంగు సిరా కన్నా ఇది ఎక్కువ కాలం వెలవకుండా ఉంటుంది. ఏదైనా సరే, ఎండ తగిలే గోడ పనికిరాదు.

ఈ జాగ్రత్తలు తప్పవు

దుమ్మును రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తటి పొడి బ్రష్షుతో మాత్రమే తీయాలి. బూజు పట్టిన స్లైడును నీటితో తుడిస్తే బొమ్మ ఉన్న పొరే కరిగిపోవచ్చు. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్లవుతుంది.

చట్రం మీద కోడాక్రోమ్ అని ఉంటే ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. దుమ్ము మచ్చలను దానంతటదే చెరిపే ఏర్పాటు ఆ ఫిల్ముకు సరిగా కుదరదు. బొమ్మ గీతలను కూడా మచ్చలనుకుని చెరిపేస్తుంది.

ఫోటో చేతికి రాగానే పైట చూడాలి. ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడి భుజం మీద కనిపిస్తే స్లైడును తిరగేసి స్కాన్ చేశారన్నమాట. మళ్ళీ చేయించుకోవాలి.

ఫైలును రెండు చోట్ల దాచాలి. స్లైడును మాత్రం పారేయరాదు, పొడిగా ఉండే డబ్బాలో చీకట్లో ఉంచాలి. బొమ్మలో ఎవరెవరున్నారో చెప్పగల పెద్దలు ఇంట్లో ఉండగానే ఫోటో వెనుక పేర్లు రాయించుకోవాలి. ముఖం స్కానరు పట్టిస్తుంది, పేరు మాత్రం పట్టించలేదు.