పండ్లరసమా? వండిన కూరయా?

తొలకరి వానలతో సీతంపేట కొండవాలుల అనాసపండ్లు సంతకు దిగును. సవర, జాతాపు రైతులకు ఇది రొక్కము చూపు పంట. ఈ ఋతువున సభ్యులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "పిల్లవానికి గ్లాసెడు పండ్లరసము పోసినచో, ఆకుకూర పెట్టకున్నను లోపమేమి?" లోపము కలదనియే మా సమాధానము. కారణములను దిగువ వివరించుచున్నాము.

ఇది చిన్న విషయము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికిని, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికిని రక్తహీనత యున్నది.

అనాసపండునందు సి విటమిను మెండు. అది చిగుళ్ళను కాపాడును, గాయములను మాన్పును. వేడికి నశించు స్వభావము గలది గనుక పచ్చిపండు మూలముగా గ్రహించుట మేలు. కాని రక్తము పట్టుటకు వలయు ఇనుము, ఫోలిక్ ఆమ్లము, రేచీకటిని నివారించు కెరోటిను అనునవి మునగాకు, తోటకూర మొదలగు ఆకుకూరలయందే హెచ్చు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము అమెరికాలో 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమిదియే. ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి దానికా పేరు వచ్చినది.

మఱియు రసము తీయునపుడు పీచు చాలవఱకు పిప్పితో పోవును. చక్కెర కలుపకున్నను 200 మిల్లీలీటర్ల అనాసరసమున సుమారు 20 గ్రాముల చక్కెర యుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పండ్లరసములలోని చక్కెరను గూడ మితముగా వాడవలసిన చక్కెరలలో చేర్చినది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలయుననియు, రసముకంటె పండే మేలనియు చెప్పినది.

అట్లని పండును విడువరాదు. ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు కొంచెమే పట్టును. సి విటమిను తోడైనచో హెచ్చుగా పట్టును. కావున చోడి అంబలియు, మునగాకు కూరయు తిన్న పూటనే నాలుగు అనాసముక్కలో, జామపండో తినవలయును. భోజనముతోడనే తేనీరు త్రాగినచో ఇనుము సరిగా పట్టదు. ఒక గంట యాగుట మంచిది.

వండుటయందును జాగ్రత్త వలయును. ఆకును ముందు కడిగి, పిదప తరుగుడు. తరిగిన పిదప కడిగినచో సారము నీటితో పోవును. కొద్దినీటితో, మూతపెట్టి, త్వరగా ఉడికింపుడు. ఉడికిన నీటిని పాఱబోయక పప్పులో కలుపుడు. చెంచాడు నూనె వేసినచో కెరోటిను బాగుగా పట్టును.

రక్తహీనత యంతయు ఆహారలోపమువలననే కలుగునని తలపరాదు. మలేరియా, కడుపులోని నులిపురుగులు, సికిల్‌సెల్ వ్యాధి కూడ కారణములు కావచ్చును. నీరసము, ఆయాసము గలవారు ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనవలయును.

సభ్యులారా! అనాసను సంతకు దింపునపుడు ఇంటి పిల్లల పాలు ఇంటనే యుంచుడు. ఈ వానలు వెడలకముందే పెరటిలో మునగకొమ్మ నొకటి నాటుడు.