తుఫాను వెంట తుఫాను

మోత్కూరు సముద్రతీరమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్నది. పూర్వము నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతమునకు కరువు తెలిసినంతగా తుఫాను తెలియదు. ఉప్పెన ఇచ్చటికి రాదు. తీరమున చెట్లను పెకలించిన గాలి ఇచ్చటికి చేరునప్పటికి చాలవరకు నెమ్మదించును. అయినను బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తన తేమను ఇంతదూరము మోసికొని వచ్చి కుండపోతగా కురియగలదు. అట్టి వానలు రెండు కొలది దినముల ఎడముతో వచ్చినచో, రెండవది మొదటిదానికంటె చిన్నదైనను ఎక్కువ నష్టము చేయవచ్చును. ఇది ఎట్లు సంభవించునో పరిశీలింతము.

2013వ సంవత్సరపు అనుభవము

ఆ సంవత్సరము అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ సమీపమున తీరము దాటి, శ్రీకాకుళము జిల్లాను కూడ దెబ్బతీసినది. అదే నెల నాలుగవ వారములో అల్పపీడనము వలన కోస్తా జిల్లాలతోపాటు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోను భారీవర్షములు కురిసి, పత్తి, వరి పంటలు దెబ్బతిన్నవి. నవంబరు 22న హెలెన్ తుఫాను మచిలీపట్నమునకు దక్షిణమున తీరము దాటినది. కోతకు వచ్చి నేలకొరిగిన వరిపొలములలో నీరు తీయకమునుపే, లెహర్ అను మరియొక తుఫాను అదే తీరమువైపు వచ్చుచున్నదని హెచ్చరికలు వెలువడినవి. అదృష్టవశమున లెహర్ సముద్రముపైననే బలము కోల్పోయి, నవంబరు 28న వట్టి వాయుగుండముగా మచిలీపట్నము సమీపమున తీరము చేరినది.

సముద్రము మరల ఎట్లు సిద్ధమగును?

తుఫాను పుట్టుటకు సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడును మించి వేడిగా ఉండవలెను. తుఫాను గాలులు సముద్రమును చిలికినట్లు కదల్చుటచేత అడుగునున్న చల్లనినీరు పైకి వచ్చును. కనుక మొదటి తుఫాను వెళ్లిన త్రోవలో సముద్రము కొంత చల్లబడి, రెండవదానికి ఆహారము తగ్గవలెను. లెహర్ బలహీనపడుటకు తీరసమీపమున సముద్రమందలి వేడి తక్కువగుట ఒక కారణము. పొడిగాలి లోనికి చొరబడుట, క్రిందిగాలులకు మీదిగాలులకు వేగములో భేదముండుట తక్కిన కారణములు.

కాని బంగాళాఖాతమున ఈ రక్షణ ఎల్లప్పుడు లభింపదు. వానకాలము ముగియునప్పటికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మొదలగు నదుల మంచినీరు సముద్రమున చేరును. ఉప్పునీటికంటె తేలికయైన ఈ నీరు, ముఖ్యముగా ఉత్తర భాగమున, పైన పొరవలె పరచుకొని, అడుగునీరు పైకి కలియుటకు అడ్డుపడును. అందుచేత పైపొర వేడి త్వరగా తరుగదు. అక్టోబరు, నవంబరు మాసములలో ఒకదాని వెనుక ఒకటిగా వాయుగుండములు పుట్టుటకు ఇది తోడ్పడును.

తడిసిన నేల

మోత్కూరు పరిసరములందు చల్కనేలలు ఎక్కువ. చాలచోట్ల ఎర్రమన్ను లోతు తక్కువ; దాని క్రింద రాయి. ఎండిన మట్టిలోని సందులలో గాలి ఉండును. వాన కురిసినప్పుడు నీరు ఆ సందులలో చేరును. అవి నిండిన పిమ్మట కురిసిన నీరు నేలమీదనే పారును.

ఒక చదరపు కిలోమీటరుపై 10 సెంటీమీటర్ల వాన కురిసినచో 10 కోట్ల లీటర్ల నీరగును. ఎండిన నేల అందులో 6 సెంటీమీటర్లు పీల్చుకొన్నదనుకొందము. మిగిలిన 4 కోట్ల లీటర్లు వాగులో పడును. వారము తిరుగకమునుపే 8 సెంటీమీటర్ల వాన వచ్చి, తడినేల 2 సెంటీమీటర్లు మాత్రమే పీల్చుకొన్నచో, 6 కోట్ల లీటర్లు పారును. వాన ఐదవవంతు తగ్గినను ప్రవాహము ఒకటిన్నర రెట్లయినది! అందుచేతనే ఇంజనీర్లు వరదను లెక్కించునపుడు గడచిన 5 దినముల వానను కూడ గణింతురు.

విద్యార్థులు దీనిని తరగతిలోనే చూడవచ్చును. అడుగున రంధ్రములున్న రెండు డబ్బాలలో సమానముగా ఎర్రమన్ను పోసి, ఒకదానిని ముందుగా బాగుగా తడిపి, కారునంతవరకు కారనిచ్చి, తరువాత రెండింటిలో చెరియొక గ్లాసు నీరు పోయవలెను. తడిమన్ను డబ్బానుండి ఎక్కువ నీరు వెలువడును.

గొలుసుకట్టు చెరువులు

తెలంగాణ చెరువులు చాలవరకు గొలుసుకట్టుగా ఉన్నవి. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. మొదటివాన చెరువులను నింపును. రెండవవాన నాటికి నీరు నిలుపుటకు చోటుండదు. పైగా నానిన కట్టమట్టి పట్టు సడలియుండును. ఎలుకబొరియలగుండ ఊరిన నీరు మట్టిని కొంచెము కొంచెముగా కొట్టుకొనిపోయి గండి చేయగలదు. ఎగువన ఒక కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కమారుగా దిగువ కట్టపై పడును. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదను పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ పరీవాహమందలి 788 చెరువులలో 221 తెగినవని లెక్కతేల్చెను.

2020లో ఇదే పాఠము మరల కనబడినది. అక్టోబరు 13 ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము తుఫానుగా పేరు పొందకపోయినను, తెలంగాణమీదుగా సాగి హైదరాబాదును ముంచెత్తినది. ఇండ్లలోని బురద ఎత్తిపోయకమునుపే 17వ తేదీన మరల పెద్దవాన కురిసెను. ఆ రాత్రి బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి, దిగువ బస్తీలు రెండవమారు నీట మునిగినవి.

నడుమ దొరకిన దినములు

పైరు కూడ నేలవంటిదే. మొదటివానకు నీటిలో నిలిచిన పత్తివేళ్లకు గాలి అందదు. నీరు తీసివేసినచో మొక్క కోలుకొనును. కోలుకొనకమునుపే మరల నీరు నిలిచినచో వాడి చచ్చును, కాయలు కుళ్లును. పడిపోయిన వరి వెన్నులు తడిలోనే ఉన్నచో గింజలు మొలకెత్తును.

కనుక మొదటివాన వెలసిన దినమునుండియే పని మొదలిడవలెను. పొలములలో నీరుపోవుటకు కాలువలు తీయవలెను. ఒరిగిన వరిని లేపి కట్టలుగా కట్టి, వెన్నులపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణమును చల్లినచో మొలక కొంతవరకు ఆగును. మత్తడికి అడ్డముగా పేరుకొన్న చెత్తను, తుమ్మకంపను తీసివేయవలెను. కట్టపై చెమ్మయూరుచున్నదేమో ప్రతిదినము చూడవలెను. ఊరునీరు బురదగా వచ్చినచో వెంటనే అధికారులకు తెలుపవలెను. గోడలు నానిన ఇండ్లలోనివారు రెండవ హెచ్చరిక వచ్చిన వెంటనే పాఠశాలకో, గట్టి కట్టడమునకో చేరుట మేలు.

ఉన్నతపాఠశాలలో ఒక వర్షమాపకమున్నచో విద్యార్థులు అక్టోబరు, నవంబరు మాసములలో ప్రతి ఉదయము వానను కొలిచి, గడచిన 5 దినముల మొత్తమును పలకపై వ్రాయవచ్చును. ఆ అంకె పెద్దదిగా ఉన్న దినమున చిన్న వాయుగుండపు వార్తను కూడ పెద్దతుఫాను వార్తగా ఎంచవలెనని గ్రామస్థులకు తెలియజెప్పుట ఉపాధ్యాయులు చేయదగిన పని.